గరాజ్‌లో సీసం కరిగిస్తే అది ఎక్కడెక్కడికి పోతుంది

పెన్సిల్వేనియాలో ఉండే ఒక మిత్రుడు మొన్న చలికాలంలో ఫోన్ చేశాడు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు, తమ్ముడి లెక్క. "అన్నా, పాత సీసం కరిగించి దిమ్మెలు పోసుకుంటున్నా. పొగకి ఏ మాస్కు కొనమంటావ్?" అని అడిగాడు. వేటకీ, గురి పోటీలకీ వెళ్ళే అలవాటున్నవాళ్ళలో చాలామంది అక్కడ తూటాల్లో వాడే సీసపు గుండ్లను ఇంట్లోనే పోసుకుంటారు. ముందు పాత సీసాన్ని కరిగించి, శుభ్రం చేసి దిమ్మెలుగా దాచుకుంటారు. తరవాత తీరిగ్గా ఆ దిమ్మెల్ని కరిగించి అచ్చుల్లో పోస్తారు. మా వాడు మొదటి మెట్టు మీద ఉన్నాడు.

మాటల్లో ఇంకో సంగతి బయటపడింది. పాపకి ఏడాది నిండినప్పుడు చేసిన రక్తపరీక్షలో సీసం డెసిలీటరుకి 6 మైక్రోగ్రాములు వచ్చిందట. డాక్టరు అడిగిన ప్రశ్నలన్నీ మన ఇళ్ళకు తగినవే: ఇండియా నుంచి తెచ్చిన గిన్నెలు, సిందూరం, పసుపు. అందులో తప్పేం లేదు. మన హిండాలియం గిన్నెల్లాంటి కొన్నిటి నుంచి సీసం వంటలోకి దిగవచ్చని అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2025లో హెచ్చరించింది. అసలు సిందూరమన్న పేరున్న ఎర్రపొడి సంప్రదాయంగా సీసపు ఆక్సైడే. వీళ్ళు గిన్నెలు పారేశారు, సిందూరం తీసేశారు. గరాజ్ సంగతి డాక్టరూ అడగలేదు, వీళ్ళకూ తట్టలేదు.

"మాస్కు సంగతి తరవాత చూద్దాం. గరాజ్ ఊడ్చే చీపురు ఎక్కడ పెడతావ్?" అని అడిగాను. ఎందుకలా అడిగానో చెప్పాలంటే సీసం కథ మొత్తం చెప్పాలి.

ముందుగా ఒక మాట. ఇది అమెరికా సంగతి. అక్కడ సొంత వాడకానికి గుండ్లు పోసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, వ్యాపారంగా చేసి అమ్మాలంటే కావాలి. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. చట్టాలు దేశానికొకటి. కరిగిన సీసం తీరు మాత్రం అన్ని చోట్లా ఒకటే.

అక్కడ ఇది నిన్నమొన్నటి సరదా కాదు. 1776 జూలై 9న న్యూయార్క్‌లో జనం ఇంగ్లండు రాజు మూడో జార్జి విగ్రహాన్ని పడగొట్టారు. బంగారు పూతపూసిన సీసపు విగ్రహం అది. ముక్కల్లో ఎక్కువ భాగం కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్‌కు, స్వాతంత్ర్య పోరాట నాయకుడు ఆలివర్ వోల్కాట్ ఇంటికి చేరింది. ఆ ఊరి ఆడవాళ్ళూ పిల్లలూ కూర్చుని దాన్ని కరిగించి 42,088 గుండ్లు పోశారు. ఎవరు ఎన్ని పోశారో పద్దు రాసిపెట్టారు. వోల్కాట్ కూతుళ్ళు లారా 8,378, మేరీ ఆన్ 10,790. కొడుకు ఫ్రెడరిక్ 936. అతనికి అప్పటికి పదేళ్ళు కూడా నిండలేదు. ఆ పద్దు చూసినప్పుడల్లా నాకు ఆ 936 దగ్గరే చూపు ఆగిపోతుంది. పిల్లవాడి చేతులు ఆ రోజు సాయంత్రం అన్నం ముందు ఎలా ఉండి ఉంటాయో అనిపిస్తుంది.

మూకుట్లో ఏముంది

పాత సీసం అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, తక్కెట్లో పడేది రకరకాల లోహం. ఇంటి కప్పుల మీది రేకులు, పాత నీటి గొట్టాలు దాదాపు స్వచ్ఛమైన సీసం. గోరుతో గీస్తే గీత పడేంత మెత్తన. మన కోస్తాలో వలల అడుగుతాడుకు కట్టే సీసం గుళ్ళు చూసినవాళ్ళకు ఆ మెత్తదనం తెలుసు. చక్రం ఊగకుండా తూకం సరిచేయడానికి కారు చక్రాల అంచుకు క్లిప్పుతో బిగించే వీల్ వెయిట్లు వేరు. వాటిలో 95 శాతం దాకా సీసం, 3 శాతం చుట్టూ యాంటిమొనీ అనే పెళుసు లోహం, అర శాతం తగరం, చిటికెడు ఆర్సెనిక్ ఉంటాయి. పాత అచ్చాఫీసుల లైనోటైప్ లోహంలో సీసం 84, యాంటిమొనీ 12, తగరం 4 శాతం. మన కంపోజిటర్లు చేత్తో ఏరి పేర్చిన తెలుగు అక్షరాలదీ ఇదే కుటుంబం. యాంటిమొనీ గట్టిదనం ఇస్తుంది, చల్లారేటప్పుడు లోహం కుంచించుకుపోకుండా ఆపుతుంది. తగరం వల్ల లోహం అచ్చు మూలమూలకీ పారుతుంది. అందుకే ఆ అక్షరాల తలకట్లు, గుడులు అంత పదునుగా వచ్చేవి.

దిమ్మెలు పోసేవాళ్ళకు ఏళ్ళ తరబడి అన్నం పెట్టినవి ఈ వీల్ వెయిట్లే. టైర్ల షాపులో బకెట్టు నింపి ఊరికే ఇచ్చేసే రోజులుండేవి. ఐరోపా 2005లో, కాలిఫోర్నియా 2010లో, వాషింగ్టన్ రాష్ట్రం 2011లో సీసపు వెయిట్లను ఆపేశాయి. రోడ్డు మీద ఊడిపడి, టైర్ల కింద నలిగి పొడి అవుతున్నాయన్నది కారణం. ఇప్పుడు బకెట్టులో సగానికి పైగా ఇనుము, జింకే దొరుకుతున్నాయి. ఇనుముతో పేచీ లేదు. కరిగిన సీసం ఎంత బరువైన ద్రవమంటే ఇనుప క్లిప్పులు దాని మీద బెండుముక్కల్లా తేలుతాయి, గరిటెతో తీసేయవచ్చు.

తంటా అంతా జింకుతోనే. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, జింకు 419 దగ్గర. మంట తగ్గించి 380 దాటకుండా చూసుకుంటే జింకు ముక్క కూడా కరగకుండా పైకి తేలుతుంది. తొందరపడి మంట పెంచితే ఒక్క ముక్క చాలు, మూకుడంతా అడుగంటిన అంబలిలా ముద్దకడుతుంది. అచ్చులో పోస్తే మూలలకు పారదు. చిత్రమేమిటంటే సీసానికీ జింకుకూ అసలు పొత్తు కుదరదు, ఒకదానిలో ఒకటి కలిసేది కొద్దిగానే. 1850లో అలెగ్జాండర్ పార్క్స్ ఈ ఎడమొహాన్నే పనికి పెట్టాడు. కరిగిన సీసంలో జింకు వేస్తే, సీసంలో ఉన్న వెండి జింకు వైపు వెళ్ళిపోయి పైన పొరలా తేలుతుంది. లోహశాస్త్రం చదివేటప్పుడు నాకు ఎంతో నచ్చిన పాఠం అది. ఆ కొద్దిపాటి కలయికే గుండ్లు పోసేవాళ్ళ కొంప ముంచుతుంది.

అనుభవజ్ఞులు కరిగించే ముందే ఏరేస్తారు. సిమెంటు గచ్చు మీద పడేస్తే సీసం దబ్బున చప్పుడు చేసి ఊరుకుంటుంది, జింకు ఖంగుమంటుంది. కటింగ్ ప్లేయరుతో నొక్కితే సీసంలోకి దిగుతుంది, జింకు మీద జారుతుంది. మా వాడు ఈ ఏరడం బాగానే నేర్చుకున్నాడు. గంటలు గంటలు కూర్చుని ఒక్కో ముక్కనీ చేతిలోకి తీసుకుని చూశాడు. చేతితొడుగులు లేకుండా.

పైన తేలే తెట్టు

కరిగిన సీసం ముఖం అద్దంలా మెరుస్తుంది, క్షణాల్లో బూడిదరంగు పొర కడుతుంది. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పుట్టిన ఆక్సైడ్ అది. దానికి తోడు వీల్ వెయిట్ల మట్టి, గ్రీజు, రంగు. అంతా కలిసి పైన తెట్టు కడుతుంది. కొవ్వొత్తి మైనమో, రంపపు పొట్టో వేసి కలుపుతారు. అవి మండి ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటాయి, తగరం మళ్ళీ లోహంగా మారి కిందికి దిగుతుంది, మట్టి విడిపోయి పైకి వస్తుంది. ఇత్తడి గిన్నెకు కళాయి పోసే ఆయన నవాసారం చల్లి, తెల్లటి పొగలో గుడ్డతో ఒక్క తుడుపు తుడవగానే గిన్నె తళుక్కుమనడం చిన్నప్పుడు చూసిన వాళ్ళుంటారు. అక్కడ మందు వేరు, కానీ పని అదే: లోహం మొహం మీది మసిని వదిలించడం.

ఇక్కడ ఒక అపోహ బలంగా ఉంది. కాసేపు కలపకపోతే పాల మీద మీగడలా తగరం పైకి తేలిపోతుందని చాలామంది అంటారు. అది నిజం కాదు. సీసంలో కరిగిన తగరం మజ్జిగలో ఉప్పులాంటిది, తనంతట తాను విడిపోదు. పైన కనిపించేది ఆక్సైడ్ అయిన తగరం మాత్రమే. మైనం వేయడానికి ముందే దాన్ని గీకి పారేస్తే డబ్బు పెట్టి కొన్న తగరాన్ని పారేసినట్టే.

నీళ్ళ గురించి వేరే చెప్పక్కర్లేదు అనుకుంటాం, చెప్పాలి. కాగిన నూనెలో తడి కరివేపాకు పడితే ఏమవుతుందో వంట చేసే ప్రతివాళ్ళకూ తెలుసు. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతుంది. నూనెలో అది చిటపట. సీసంలో అయితే చెమ్మ అంటిన ముక్క లోహం లోపలికి మునిగిన తరవాత ఆవిరి పుడుతుంది, మూకుడులోని సీసం మొత్తాన్ని పైకప్పుకు కొడుతుంది. అందుకే తుక్కును చల్లని మూకుట్లోనే నింపి తరవాత మంట వెలిగించాలి. పోసే అచ్చును ముందే వేడిచేసి ఆరబెట్టాలి. అల్యూమినియం గిన్నె మాత్రం ఎప్పుడూ వద్దు. అది వేడికి మెత్తబడిపోతుంది, పది కిలోల కరిగిన సీసం కాళ్ళ మీద పడుతుంది.

పొగ లెక్క

ఇప్పుడు మాస్కు దగ్గరికి వద్దాం. కరిగిన సీసం నుంచి విషపు పొగ లేస్తుందనీ, అదే ప్రాణాంతకమనీ అందరి భయం. సీసం మరిగేది 1,749 డిగ్రీల దగ్గర. ఆవిరి పీడనం సూత్రంతో లెక్క వేసి చూశాను. 400 డిగ్రీల సీసం నుంచి ఒక ఘనపు మీటరు గాలిలోకి చేరగల ఆవిరి, ఎంత ఎక్కువ అనుకున్నా, 1 మైక్రోగ్రాము చుట్టూ. అమెరికాలో కార్మికులకు ఎనిమిది గంటల పనికి 1978లో పెట్టిన హద్దు 50. కాబట్టి 400 దగ్గర ఆవిరి పెద్ద శత్రువు కాదు. అదే 500 డిగ్రీలకు వెళితే లెక్క 75కి చేరుతుంది, 600కి వెళితే 1,800కి. వందేసి డిగ్రీలకు పదుల రెట్లు. థర్మామీటరు లేకుండా ప్రొపేన్ పొయ్యి మీద మంట ఎగదోసేవాళ్ళకు మాత్రం పొగ నిజమైన శత్రువే. థర్మామీటరు పెట్టుకుని, ఆరుబయట, గాలివాటు చూసుకుని నిలబడితే ఆ భయం చాలావరకు తీరుతుంది. మూకుడు మీద కనిపించే నల్లటి పొగ ఎక్కువగా మైనానిదీ గ్రీజుదీ. అదీ పీల్చదగింది కాదు, కానీ అది సీసం పొగ కాదు.

మరి సీసం ఒంట్లోకి ఎలా వెళుతుంది? తెట్టు చల్లారాక పొడి అవుతుంది. లోహపు ముక్కలా కాకుండా మెత్తటి పిండిలా ఉంటుంది. గరిటె విదిలిస్తే లేస్తుంది, డబ్బాలో ఒంపితే లేస్తుంది, నేలమీద పడితే చెప్పుల అడుగుకు అంటుతుంది. ఊడిస్తే గదంతా లేచి తీరుబడిగా అల్మరాల మీద, వాషింగ్ మెషిన్ మీద, బట్టల మీద దిగుతుంది. మాస్కు వేసుకుని ఊడ్చినవాడు ఆ కాసేపూ బాగానే ఉంటాడు. మాస్కు తీశాక ఆ చేతులతోనే కాఫీ కప్పు పట్టుకుంటాడు, ఆ చొక్కాతోనే బిడ్డనెత్తుకుంటాడు.

ఎంత పొడి చాలు? అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 నుంచి పిల్లల విషయంలో జాగ్రత్తపడాల్సిన గీతను డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాముల దగ్గర గీసింది. ఏడాది పాప ఒంట్లో నెత్తురు లీటరుకు కాస్త తక్కువే, లెక్క సులువుకు లీటరే అనుకుందాం, అంటే పది డెసిలీటర్లు. ఆ గీత దగ్గర నెత్తురులో తిరిగే సీసం మొత్తం కలిపి 35 మైక్రోగ్రాములు. ఉప్పుడబ్బాలోంచి ఒక్క పలుకు గోటిమీద పెట్టుకోండి. అంచుకు 0.3 మిల్లీమీటర్లు అనుకుంటే, అంతే సీసం ముక్క బరువు 300 మైక్రోగ్రాములు. ఆ పలుకును ఎనిమిది ముక్కలు చేసి ఒక ముక్క తీసుకుంటే సుమారు అంత. మింగినదంతా నెత్తురుకెక్కదు, నెత్తురులో ఉన్నదే ఒంట్లో మొత్తమూ కాదు, కాబట్టి ఇది అంచనా కోసం చెప్పిన లెక్కే. కానీ పెద్దవాళ్ళకంటే పిల్లలు నాలుగైదు రెట్లు ఎక్కువ సీసాన్ని గుంజుకుంటారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంతకు తక్కువైతే ప్రమాదం లేదు అనే అంకె ఏదీ లేదనీ అదే సంస్థ మాట. నెత్తురులో సగం నెల రోజుల్లో తగ్గిపోతుంది. ఎముకలోకి చేరింది మాత్రం పదుల ఏళ్ళు అక్కడే ఉంటుంది, ఆడపిల్ల పెరిగి గర్భవతి అయినప్పుడు ఎముక కరిగి మళ్ళీ నెత్తురులోకి రాగలదు.

ఇంకో చిక్కు ఉంది. గురి సాధన చేసేవాళ్ళ రక్తంలో సీసం పెరిగితే తప్పంతా మూకుడుదేనని అనుకోకూడదు. తూటా వెనక నిప్పురవ్వ పుట్టించే ప్రైమరులో చాలావరకు లెడ్ స్టైఫ్నేట్ అనే సీసపు లవణం వాడతారు. కాల్చిన ప్రతిసారీ అది అతిసన్నని ధూళిగా చేతుల మీద, ముఖం మీద పడుతుంది. నాలుగు గోడల మధ్య ఉండే షూటింగ్ హాళ్ళలో దీనివల్లే ఎక్కువ సీసం ఒంటికి చేరుతుంది. మా వాడికీ వారానికోసారి అలాంటి చోటికి వెళ్ళే అలవాటుంది. ఆ బూట్లతోనే ఇంట్లోకి వచ్చేవాడు.

బ్యాటరీ జోలికి వెళ్ళొద్దు

వీల్ వెయిట్లు కరువయ్యేసరికి కొందరి కన్ను కారు బ్యాటరీల మీద పడుతుంది. లోపల కిలోల కొద్దీ సీసం ఉన్నమాట నిజమే. కానీ అందులో చాలాభాగం లోహం కాదు, సీసపు సల్ఫేటు, ఆక్సైడ్ల ముద్ద. ఇంటి పొయ్యి మీద అది లోహంగా మారదు, విషపు పొడిగా మిగులుతుంది. పైగా ఇప్పటి బ్యాటరీ ప్లేట్లలో కాల్షియం ఉంటుంది. ఆ తెట్టులో కాల్షియం, ఆర్సెనిక్, యాంటిమొనీ ఒకచోట చేరి చెమ్మ తగిలితే ఆర్సీన్, స్టిబీన్ వాయువులు పుడతాయి. ఎర్రరక్తకణాలను పగలగొట్టే వాయువులు అవి. ఎవరడిగినా నేను ఖండితంగా వద్దు అనే చెబుతాను.

బ్యాటరీల కథ ఎంతదాకా పోగలదో సెనెగల్‌లోని తియారోయ్-సుర్-మేర్ చూపించింది. అక్కడ ఆరుబయట పాత బ్యాటరీలు పగలగొట్టేవాళ్ళు. ఏళ్ళ తరబడి సీసం ఇంకిన ఆ మట్టిని, అందులోని సీసం అమ్ముకోవచ్చని, జనం జల్లించి సంచుల్లో నింపి ఇళ్ళకు తీసుకెళ్ళారు. 2007 నవంబరుకూ 2008 మార్చికీ మధ్య అక్కడ 18 మంది పిల్లలు చనిపోయారు. వాళ్ళెవరూ కొలిమి దగ్గర నిలబడలేదు. మట్టిలో ఆడుకున్నారు, ధూళి పడిన ఇంట్లో పడుకున్నారు.

మన దగ్గర ఇది పరాయి సంగతి కాదు. ఇన్వర్టరు లేని ఇల్లు, బ్యాటరీ లేని ఆటో లేవు. పాత బ్యాటరీ పెట్టి కొత్తది తెచ్చుకుంటాం, పాతది ఎక్కడికి పోయిందో అడగం. 2001లో ఒకసారి, 2022లో మళ్ళీ కేంద్రం నియమాలు పెట్టింది, బ్యాటరీలు నమోదైన కర్మాగారాలకే వెళ్ళాలని. ఊరి చివర రేకుల షెడ్డులో గొడ్డలితో పగలగొట్టి కరిగించేవాళ్ళు ఇంకా ఉన్నారు. యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో 80 కోట్ల మంది పిల్లల రక్తంలో సీసం 5 మైక్రోగ్రాములో అంతకంటే ఎక్కువో ఉంది. వాళ్ళలో 27 కోట్లకు పైగా మన దేశం పిల్లలే. అమెరికా గరాజ్‌లో సరదాకు చేసేవాడికి మూకుడు మానేసే వీలుంది. ఆ షెడ్డులో పనిచేసేవాడికి అది కూలి, సాయంత్రం అదే చొక్కాతో ఇంటికెళ్ళి పిల్లల పక్కన కూర్చుంటాడు. ఆ చొక్కా మార్చుకోవడానికి ఒక గది, కడుక్కోవడానికి ఒక కుళాయి ఇవ్వడం అంత పెద్ద ఖర్చు కాదు. ఇవ్వకపోవడం నాకు కోపం తెప్పిస్తుంది.

మా వాడి ఇంటికి ఫిబ్రవరిలో వెళ్ళాను. గరాజ్‌లో దిమ్మెలు వరసగా, అందంగా పేర్చి ఉన్నాయి. మూలన చీపురు. దాని పుల్లల మొదట్లో బూడిదరంగు పొడి, ముగ్గుపిండి చల్లినట్టు. అక్కడ్నుంచి వంటింటి గుమ్మం ఆరడుగుల దూరం, గుమ్మంలో పాప పాకే రగ్గు. నేనేమీ అనకముందే వాడు దాన్నే చూస్తూ నిలబడిపోయాడు.

ఆ వారాంతం మేమిద్దరం తడిగుడ్డలతో గరాజంతా తుడిచాం. పైనుంచి కిందికి, ఒక్కసారి వాడిన గుడ్డను మళ్ళీ ముంచకుండా. రగ్గు చుట్టి పారేశాం. కరిగించడానికి వేరే చొక్కా, వేరే బూట్లు, అవి ఇంట్లోకి రాకూడదు, మిగతా బట్టలతో కలిపి ఉతకకూడదు అని తేల్చుకున్నాం. మూకుడు ఇక వెనక దొడ్లోనే, అదీ పాపకు అయిదేళ్ళు వచ్చాక అంది వాళ్ళావిడ. వాడు సరే అన్నాడు. మే నెలలో పరీక్ష చేయిస్తే 4.1 వచ్చింది. ఇంకా గీతకు పైనే, ఆగస్టులో మళ్ళీ చేయించాలి.

చీపురునూ, మూత బిగించిన తెట్టు డబ్బానూ కౌంటీ వాళ్ళు ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే శనివారం నాడు అప్పగించి వచ్చాడు. డబ్బా ఒక్కటే తొమ్మిది పౌండ్లు తూగిందని ఫోన్ చేసి చెప్పాడు.